ఊపిరితిత్తుల క్యాన్సర్: మాత్ర కంటే ముందు జన్యు పరీక్ష

ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలిన మనిషిని పలకరించడానికి మన గోదావరి జిల్లాల్లో ఎవరు వచ్చినా మొదట అడిగేది చుట్ట గురించో బీడీ గురించో అయి ఉంటుంది. ఆ ప్రశ్నకు కారణం లేకపోలేదు. చుట్టలకు పేరుపడ్డ లంక పొగాకు ఈ నది పాయల నడుమ ఉన్న లంకల్లోనే పండుతుంది. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను 1947లో రాజమండ్రిలోనే నెలకొల్పారు. పొగాకే ఈ జబ్బుకు అన్నిటికంటే పెద్ద కారణమన్న విషయంలో రెండో మాట లేదు. అయితే మన ఆలోచన ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోవడం వల్ల జరుగుతున్న నష్టం చాలా పెద్దది. పొగ అలవాటు బొత్తిగా లేనివాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో చాలాసార్లు గుర్తించదగిన ఒకే ఒక్క జన్యులోపం ఉంటుంది, దానికి గురిపెట్టి పనిచేసే మాత్రలు మన ఊరి మందుల దుకాణానికి తెప్పించుకోగలిగినంత దగ్గరకు వచ్చాయి. ఆ లోపం ఉన్నదీ లేనిదీ పరీక్షించకుండానే చికిత్స మొదలైపోవడం గురించే ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి, వైద్యుణ్ణి కాను. ఈ విషయాన్ని ఇంత వివరంగా చదవవలసి వచ్చింది మా మేనత్త కోసం. అంబాజీపేట దగ్గర కొబ్బరితోటల మధ్య ఉన్న ఊరు ఆవిడది. గ్యాస్ పొయ్యి వచ్చేదాకా కొబ్బరి మట్టలు, డొక్కలు, పీచు పెట్టి పెద్ద కుటుంబానికి వంట చేసిన మనిషి. దగ్గు తగ్గకపోతే దగ్గరలోని ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, కళ్ళె పరీక్షలో క్షయ క్రిములు కనిపించకపోయినా టీబీ మందులు మొదలుపెట్టారు. టీబీ ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే వైద్యుల ఆలోచన ముందుగా అటు వెళ్ళడం సహజమే. కాని మందులు వాడుతున్నా దగ్గు, ఆయాసం పెరుగుతూ, బరువు తగ్గుతూ పోతుంటే ఆ కోర్సు పూర్తయ్యేదాకా ఆగమనడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చివరకు సీటీ స్కాన్ తీస్తే కుడి ఊపిరితిత్తిలో గడ్డ, దాని చుట్టూ నీరు ఉన్నట్టు తేలింది.

“చుట్ట ముట్టుకున్నదాన్ని కాదు, నాకెందుకొచ్చిందిరా ఇది?” అని ఆవిడ అడిగిన ప్రశ్నకు ఇదే కారణమని చెప్పగల జవాబు నా దగ్గర లేదు. ఇళ్ళలో కట్టెల వంటి జీవ ఇంధనాలను కాల్చగా వచ్చే పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్‌కు బహుశా కారణం కాగలవాటి జాబితాలో, ఇళ్ళలో కాల్చే బొగ్గు పొగను నిశ్చయంగా కారణమయ్యేవాటి జాబితాలో చేర్చింది. వీటికి తోడు పక్కవాళ్ళు కాల్చే పొగాకు పొగ, గాలి కాలుష్యం, రాడాన్ వాయువు, ఆస్‌బెస్టాస్ ఉన్నాయి. ఒక్కొక్క మనిషిలో వీటిలో ఏది పనిచేసిందో వేలుపెట్టి చూపడం సాధ్యం కాదు. చికిత్సకు కావలసిన సమాచారం అక్కడ దొరకదు కూడా. అది గడ్డలోని కణాల్లో ఉంటుంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో స్మాల్ సెల్, నాన్ స్మాల్ సెల్ అని రెండు పెద్ద వర్గాలున్నాయి. ఎక్కువమందికి వచ్చేది రెండోది, అందులోనూ అడినోకార్సినోమా అనే రకం. పొగతాగనివాళ్ళలో కనిపించేది ముఖ్యంగా ఇదే. ఈ రకంలో తరచుగా చెడిపోయే జన్యువు ఈజీఎఫ్ఆర్. అది 7వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కణం పైపొరలో ఉండి, బయటినుంచి పెరుగుదల సంకేతం వచ్చినప్పుడు దానిని లోపలికి అందించే ప్రోటీనును ఈ జన్యువు తయారుచేయిస్తుంది. ఆ సంకేతాన్ని మోసే పదార్థాన్ని కనుగొన్నందుకే స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. మన కాలువల మీద తూముకు షట్టరు ఉన్నట్టే కణానికి ఇదొక షట్టరు. చేను తడిసేదాకా ఎత్తి, తడిశాక దించవలసినది. జన్యువులో లోపం వచ్చినప్పుడు ఆ షట్టరు ఎత్తినది ఎత్తినట్టే బిగుసుకుపోతుంది. సంకేతం రాకపోయినా కణం విభజన చెందుతూనే ఉంటుంది. ఇలాంటి లోపాల్లో రెండు అతిముఖ్యమైనవి. ఎక్సాన్ 19 అనే భాగంలో చిన్న ముక్క ఎగిరిపోవడం మొదటిది, ఎక్సాన్ 21లో ఎల్858ఆర్ అనే ఒక్క అక్షరం మార్పు రెండోది. ఈజీఎఫ్ఆర్‌లో మాత్రకు లొంగే లోపాల్లో పదింట దాదాపు తొమ్మిది ఈ రెండే.

ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లోనే దీనిమీద చాలా దిగులు నడిచింది. జన్యులోపం అనగానే అది తల్లినుంచి కూతురికి, ఆమెనుంచి మనవరాలికి వస్తుందని భయపడిపోయి, పెళ్ళి కావలసిన పిల్ల ఉన్న ఇంట్లో రిపోర్టును బీరువాలో దాచేస్తారు. ఈ లోపాలు దాదాపు అన్నీ మనిషి పుట్టిన చాలా ఏళ్ళకు ఊపిరితిత్తిలోని ఒక కణంలో కొత్తగా ఏర్పడినవి. గడ్డలోని కణాల్లో తప్ప మిగిలిన శరీరంలో అవి ఉండవు, అండంలోనో శుక్రకణంలోనో చేరి తర్వాతి తరానికి వెళ్ళవు. వంశపారంపర్యంగా వచ్చే సందర్భాలు బహు అరుదు, అలాంటి అనుమానం ఉంటే వైద్యులే చెబుతారు. ఈ రిపోర్టు చూసి పెళ్ళి సంబంధం వెనక్కి పోవడానికి కారణమేమీ లేదు.

ఈ ప్రోటీనును అడ్డుకునే మొదటి మాత్ర గెఫిటినిబ్. దానికి జపాన్ 2002లో, అమెరికా 2003లో అనుమతినిచ్చాయి. అప్పటికి ఎవరికి పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. చాలామందిలో ఏ ఫలితమూ కనిపించేది కాదు, కొద్దిమందిలో మాత్రం గడ్డ వారాల వ్యవధిలో కరిగిపోయేది. ఆ కొద్దిమందిలో పొగతాగనివాళ్ళు, ఆడవాళ్ళు, తూర్పు ఆసియావాళ్ళు ఎక్కువగా ఉన్నారని వైద్యులు గమనించారు. ఎందుకన్నది 2004లో తేలింది. బోస్టన్‌లోని రెండు బృందాలు మాత్రకు లొంగిన గడ్డల్లోని ఈజీఎఫ్ఆర్ జన్యువును చదివి చూస్తే, నేను పైన చెప్పిన లోపాలు కనబడ్డాయి.

ఆ తర్వాత 2009లో వచ్చిన ఐపాస్ అనే అధ్యయనం గురించి ప్రతి రోగి కుటుంబానికీ తెలిసి ఉండాలని నేను కోరుకుంటాను. ఆసియా దేశాల్లో 1,217 మంది అడినోకార్సినోమా రోగులను తీసుకున్నారు. అందరూ పొగతాగనివాళ్ళో, ఎప్పుడో కొద్దిగా తాగి మానేసినవాళ్ళో. సగంమందికి గెఫిటినిబ్ మాత్ర, సగంమందికి మామూలు కీమో ఇచ్చారు. జన్యు పరీక్ష చేయగలిగినవాళ్ళలో సుమారు 60 శాతం మందికి ఈజీఎఫ్ఆర్ లోపం ఉంది. వాళ్ళలో మాత్ర కీమో కంటే స్పష్టంగా మేలు చేసింది. లోపం లేనివాళ్ళ సంగతి పూర్తిగా తిరగబడింది. మాత్ర వేసుకున్నవాళ్ళలో జబ్బు పెరగకుండా ఉన్న మధ్యస్థ కాలం (సగంమందికి అంతకంటే తక్కువ, సగంమందికి ఎక్కువ) నెలన్నర, కీమో తీసుకున్నవాళ్ళలో అయిదున్నర నెలలు.

ఈ అంకెలు చూశాక, “పొగ తాగని ఆడమనిషి కదండీ, మాత్ర వేసి చూద్దాం” అనే మాట ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది. పొగతాగనివాళ్ళనే ఏరి తీసుకున్నా నూటికి నలభైమందికి లోపం లేదు. పరీక్ష లేకుండా మాత్ర ఇస్తే ఆ నలభైమందికీ పనికివచ్చే చికిత్స చేతికందే కాలం వృథా అయిపోతుంది. అలాగే పొగతాగే మగవాడు కదా అని పరీక్ష మానేయడమూ తప్పే, ఎందుకంటే వాళ్ళలోనూ కొందరికి ఈ లోపాలు ఉంటాయి. మనిషిని చూసి జన్యువును ఊహించకూడదు. మన దేశంలో అడినోకార్సినోమా ఉన్నవాళ్ళలో దాదాపు నాలుగోవంతుకు ఈజీఎఫ్ఆర్ లోపం ఉంటున్నట్టు టాటా మెమోరియల్ వంటి కేంద్రాల లెక్కలు చెబుతున్నాయి. ఐరోపా, అమెరికాల కంటే ఇది ఎక్కువ, తూర్పు ఆసియా కంటే తక్కువ. 2022లో మన దేశంలో సుమారు 81 వేలమందికి కొత్తగా ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిందన్న అంచనాతో కలిపి చూస్తే, ఇది ఏదో అరుదైన వ్యవహారం కాదని తెలుస్తుంది.

పరీక్షకు కావలసింది గడ్డలోని ముక్క. మా అత్తయ్యకు రొమ్ము పక్కనుంచి సూది పెట్టి తీసిన నీటిలోనే క్యాన్సర్ కణాలు దొరికాయి. లేత ఎరుపు రంగులో ఉన్న ఆ నీటిని గిర్రున తిప్పి అడుగున చేరిన కణాలను గట్టిపరచి, మైనంలో పోతపోసి దిమ్మ చేశారు. దాన్నే బ్లాక్ అంటారు. వేలి కొసంత ప్లాస్టిక్ డబ్బీలో తెల్లటి మైనం, మధ్యలో గోధుమరంగు చుక్క, అంచున పెన్సిలుతో రాసిన నంబరు, అంతే. ఆ చుక్కనుంచి వెంట్రుక కంటే పలచని పొరలు కోసి గాజుపలకల మీద పరుస్తారు. కొన్ని పొరలు ఇది ఏ రకం క్యాన్సరో తేల్చడానికి రంగులద్దే పరీక్షలకు పోతాయి, మిగిలినవే జన్యు పరీక్షకు. సూదితో తీసిన ముక్క చాలా చిన్నది కాబట్టి రకం తేల్చే పరీక్షలకే అదంతా ఖర్చైపోవడం తరచుగా జరిగే పని. అందుకని బయాప్సీ చేసే రోజునే, “జన్యు పరీక్షకు సరిపడా ముక్క తీయండి, బ్లాకు మిగిల్చండి” అని వైద్యుణ్ణి అడగాలి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడవద్దు. బ్లాకు, స్లైడులు రోగివే. ఒక ఆసుపత్రినుంచి మరొకదానికి వెళ్ళేటప్పుడు స్కాన్ సీడీలతోపాటు వాటినీ అడిగి తీసుకోవాలి, ఎండ తగలకుండా భద్రపరచుకోవాలి. మే నెలలో అమలాపురం బస్టాండులో సంచిలో పెట్టుకుని కూర్చుంటే మైనం మెత్తబడే వేడి మనది.

రాజమండ్రిలోనో కాకినాడలోనో బయాప్సీ జరిగినా ముక్క చాలాసార్లు హైదరాబాదుకో బెంగళూరుకో కొరియర్‌లో వెళ్ళి, ఫలితం రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఈ వారాలే అన్నిటికంటే కష్టమైనవి. ఇంట్లో మనిషి దగ్గుతూ ఉంటే ఖాళీగా కూర్చోలేక, ఏదో ఒకటి మొదలుపెట్టమని మనమే వైద్యుడి మీద ఒత్తిడి తెస్తాం. ఆయాసం మరీ ఎక్కువగా ఉండి ఆగలేని పరిస్థితి అయితే ముందు కీమో మొదలుపెట్టి, ఫలితం వచ్చాక మార్చడం ఉంది. కాని రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లను మాత్రం ఈజీఎఫ్ఆర్ ఫలితం, ఏఎల్‌కే అనే మరో జన్యువు (దాని సంగతి కింద చెబుతాను) ఫలితం రాకముందు తొందరపడి మొదలుపెట్టకూడదు. ఆ లోపాలున్న గడ్డల్లో అవి పెద్దగా పనిచేయవు. పైగా వాటి వెనకే ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే మరో మాత్ర ఓసిమెర్టినిబ్ ఇస్తే ఊపిరితిత్తులకు తీవ్రమైన వాపు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ముక్క తీయడానికి వీలుకాని చోట గడ్డ ఉంటే, రక్తంలో తిరిగే క్యాన్సర్ డీఎన్ఏను వెదికే పరీక్ష ఉంది. దానికి అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది, మన దేశంలోనూ చేస్తున్నారు. అందులో లోపం కనబడితే నమ్మవచ్చు. కనబడకపోతే మాత్రం లోపం లేదని తీర్మానించకూడదు, ఎందుకంటే గడ్డనుంచి రక్తంలోకి తగినంత డీఎన్ఏ రాలకపోయి ఉండవచ్చు.

ఒక్క ఈజీఎఫ్ఆర్ పరీక్షతో ఆపవద్దని కూడా గట్టిగా చెబుతాను. 2007లో జపాన్ శాస్త్రవేత్త హిరొయుకి మానో బృందం 2వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క తలకిందులై రెండు జన్యువులు అతుక్కుపోవడం వల్ల వచ్చే ఈఎంఎల్4-ఏఎల్‌కే అనే లోపాన్ని కనుగొంది. నాలుగేళ్ళకే, 2011లో, దానికి క్రిజోటినిబ్ మాత్ర వచ్చింది. ఈ లోపం నూటికి అయిదారుగురిలో మాత్రమే ఉంటుంది, అందులో వయసు తక్కువవాళ్ళు ఎక్కువ. ఆ అయిదారుగురికి మాత్రం అది ప్రాణంతో సమానమైన సమాచారం. దీనికే తర్వాత వచ్చిన లోర్లాటినిబ్ మాత్రతో మొదలుపెట్టినవాళ్ళలో అయిదేళ్ళ తర్వాత కూడా 60 శాతం మందికి జబ్బు ముందుకు సాగలేదని 2024లో ప్రకటించారు. క్రిజోటినిబ్ వాడినవాళ్ళలో అలా ఉన్నవాళ్ళు 8 శాతమే. నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇలాంటి అంకె చూస్తానని నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఎన్నడూ అనుకోలేదు. ఆర్ఓఎస్1, బీరాఫ్, మెట్, రెట్ వంటి మరికొన్నిటికీ మందులున్నాయి. పొగతాగేవాళ్ళలో ఎక్కువగా ఉండే కేరాస్ జన్యులోపం కొన్ని దశాబ్దాలపాటు మందుకు చిక్కలేదు. అందులో జీ12సీ అనే ఒక రకానికి 2021లో సోటోరాసిబ్‌కు అనుమతి వచ్చింది. ఇవన్నీ ఒకేసారి చూసే పెద్ద పరీక్షకు ఖర్చు ఎక్కువ. అంత పెట్టలేనివాళ్ళు కనీసం ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, ఆర్ఓఎస్1 మూడూ చేయించుకోవాలి.

మా బావ కొడుకు ఒకరోజు ఫోనులో ఏదో వీడియో చూసి, “మావయ్యా, చెడ్డ జీను తీసేసి మంచిది పెట్టే ఇంజెక్షన్ ఉందంటండి, నానమ్మకి అది చేయిద్దామండి” అన్నాడు. వాడి తపన నాకు అర్థమైంది. ఈ రెండు చికిత్సల పద్ధతి వేరు. ఇంతవరకూ నేను చెప్పిన మాత్రలు జన్యువును ముట్టుకోవు. చెడిన జన్యువు తయారుచేయించిన ప్రోటీనును అంటిపెట్టుకుని దాని పని ఆపుతాయి. మాత్ర మానేస్తే అది మళ్ళీ పని మొదలుపెడుతుంది, అందుకే రోజూ వేసుకోవాలి. కణంలోకి కొత్త జన్యువును పంపే ప్రయత్నం మరొక దారి, అదీ పాతదే. అమెరికాలోని ఎండీ ఆండర్సన్ కేంద్రంలో జాక్ రాత్ బృందం క్యాన్సర్‌ను అదుపులో ఉంచే పీ53 అనే జన్యువు మంచి ప్రతిని వైరస్‌లో ఎక్కించి 9 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల గడ్డల్లోకి నేరుగా ఇంజెక్షన్ చేసి, ఫలితాలను 1996లో ప్రచురించింది. ముగ్గురిలో ఆ గడ్డ తగ్గింది. కాని సూది పెట్టిన గడ్డ ఒకటి తగ్గితే ఎముకల్లో, మెదడులో ఉన్నవాటి సంగతేమిటి? ఆ చిక్కును దాటడానికి అదే బృందం 3వ క్రోమోజోమ్ మీదుండే, క్యాన్సర్‌ను అదుపులో ఉంచే టీయూఎస్‌సీ2 అనే మరో జన్యువును సూక్ష్మమైన కొవ్వు కణికల్లో పొదిగి రక్తనాళంలోకి ఎక్కించే పద్ధతిని తయారుచేసింది. 31 మంది మీద చేసిన తొలిదశ ఫలితాలు 2012లో వచ్చాయి. కణికలు గడ్డలను చేరాయని, జన్యువు అక్కడ పనిచేసిందని తేలింది. చైనాలోని చెంగ్డూలో లూ యూ బృందం 2016లో రోగి తెల్ల రక్తకణాలను తీసి, జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో వాటిలోని పీడీ-1 అనే, ఆ కణాల దాడికి కళ్ళెం వేసే జన్యువును తెగ్గొట్టి తిరిగి ఎక్కించింది. మనుషుల మీద క్రిస్పర్ వాడడం అదే మొదలు. 2020లో ప్రకటించిన ఫలితాల ప్రకారం అది సురక్షితంగానే ఉంది, జబ్బు మీద ప్రభావం మాత్రం స్వల్పం.

ఇవన్నీ పరిశోధనలోనే ఉన్నాయి. పరిశోధనగా నమోదై, నైతిక సంఘం అనుమతి ఉన్నచోట రోగినుంచి మందుకు డబ్బు తీసుకోరు. కాబట్టి ఎవరైనా లక్షలు కట్టించుకుని “జీన్ థెరపీ”తో ఊపిరితిత్తుల క్యాన్సర్ నయం చేస్తామని అంటే, పొలం అమ్మేముందు ఒక్క క్యాన్సర్ వైద్యుడి దగ్గరికి వెళ్ళి అడగండి. బావ కొడుక్కి ఇదంతా చెప్పాను. వాడు అర్థం చేసుకున్నాడు.

మా అత్తయ్యకు ఎక్సాన్ 19 లోపం ఉన్నట్టు రిపోర్టు వచ్చింది. గెఫిటినిబ్ మొదలైంది. హైదరాబాదుకు చెందిన నాట్కో వంటి మన కంపెనీలు జెనరిక్ మాత్రలు తయారుచేయడం వల్లనే ఈ మందు మధ్యతరగతి ఇంటికి అందుబాటులోకి వచ్చింది. మెట్లెక్కలేని మనిషి కొన్ని వారాల్లోనే పెరట్లో తిరగడం మొదలుపెట్టింది. దాంతోపాటే ముఖం మీద, ఛాతీ మీద మొటిమల్లాంటి దద్దుర్లు వచ్చాయి, గోళ్ళ అంచులు వాచి పగిలాయి, విరేచనాలయ్యాయి. అమ్మవారు పోసిందేమోనని ఇరుగుపొరుగు అన్నారు. ఈజీఎఫ్ఆర్ చర్మంలోనూ ఉంటుంది కాబట్టి మాత్ర అక్కడా పనిచేయడం వల్ల వచ్చే దద్దుర్లు ఇవి. మాత్ర ఆపకుండానే వైద్యుడిచ్చిన పూతమందులతో, ఎండకు ఒళ్ళు కప్పుకోవడంతో చాలావరకు సర్దుకున్నాయి. ఆయాసం, దగ్గు కొత్తగా మొదలైతే మాత్రం అదేరోజు వైద్యుడికి చెప్పాలి, ఊపిరితిత్తుల్లో మందువల్లనే వాపు రావడం అరుదుగా జరుగుతుంది.

మన ఇళ్ళకు సంబంధించిన జాగ్రత్తలు రెండున్నాయి. మన దగ్గర పొద్దున్నే పరగడుపున “గ్యాస్ బిళ్ళ” వేసుకోని పెద్దవాళ్ళు తక్కువ. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఆ బిళ్ళలు గెఫిటినిబ్, అదే కోవకు చెందిన ఎర్లోటినిబ్ మాత్రలు ఒంటికి పట్టకుండా చేస్తాయి, కాబట్టి అవి వాడుతున్నట్టు తప్పకుండా చెప్పాలి. రెండోది పంపరపనస. క్రిజోటినిబ్ వంటి మాత్రలు వాడేవాళ్ళు గ్రేప్‌ఫ్రూట్ తినకూడదని ఆ మందు కాగితంలోనే ఉంటుంది. అది మందును విరగ్గొట్టే కాలేయపు ఎంజైమును అడ్డుకుంటుంది. మన పెరళ్ళలో కాసే పంపరపనస ఆ జాతికి అతి దగ్గరి బంధువు. వాడుతున్నన్నాళ్ళూ దాన్ని పక్కన పెట్టడమే మంచిది.

గెఫిటినిబ్‌కు కీమో కూడా కలిపితే ఎలా ఉంటుందన్న ప్రశ్నకు జవాబు మన దేశంలోనే దొరికింది. ముంబయి టాటా మెమోరియల్‌లో వనిత నొరోన్హా, కుమార్ ప్రభాష్ బృందం 350 మంది రోగుల మీద అధ్యయనం చేసి, గెఫిటినిబ్ ఒక్కటే ఇస్తే జబ్బు పెరగకుండా ఉన్న మధ్యస్థ కాలం 8 నెలలనీ, పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులు కూడా కలిపితే 16 నెలలనీ చూపింది. తీవ్రమైన దుష్ప్రభావాలు 25 శాతం నుంచి 51 శాతానికి పెరిగాయి కాబట్టి అందరికీ ఇది తగదు, రోగి ఓపికను చూసి నిర్ణయించాలి. ఇందులోని పెమెట్రెక్సెడ్ గురించి చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఫోలిక్ ఆమ్లం ఆధారంగా కణం డీఎన్ఏను కట్టుకునే దారిని మూసివేసి క్యాన్సర్ కణాన్ని విభజన చెందకుండా చేసే మందు అది. ఆ దారిని మొదట తెరిచినవాడు 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన ఆధ్వర్యంలో తయారైన అమినోప్టెరిన్ అనే మందుతోనే అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లల్లో తొలిసారిగా జబ్బును తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టగలిగాడు, ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. సుబ్బారావు ఆ సంవత్సరమే కన్నుమూశాడు. ఇవాళ పెమెట్రెక్సెడ్ తీసుకునే ప్రతి రోగికీ మామూలు కణాల రక్షణ కోసం ఫోలిక్ ఆమ్లం మాత్ర, బీ12 ఇంజెక్షన్ తప్పనిసరిగా ఇస్తారు. ఆ మాత్రను చిన్న విషయమనుకుని మానేయకూడదు.

ఈ మాత్రలేవీ శాశ్వతంగా పనిచేయవన్నది దాచకుండా చెప్పాలి. నాలుగో దశలో ఇవి జబ్బును అదుపులో ఉంచుతాయి, పూర్తిగా తుడిచిపెట్టవు. గెఫిటినిబ్ వాడినవాళ్ళలో సుమారు సగంమందిలో జబ్బు తిరిగి పెరగడానికి టీ790ఎమ్ అనే కొత్త మార్పు కారణం. దాన్ని కూడా అడ్డుకునేలా తయారైన ఓసిమెర్టినిబ్‌కు 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ తర్వాత దానిని మొదటి మందుగానే ఇచ్చి చూస్తే, పాత మాత్రలతో 10.2 నెలలున్న మధ్యస్థ కాలం 18.9 నెలలకు, మొత్తం ఆయుష్షు 31.8 నెలలనుంచి 38.6 నెలలకు పెరిగింది. మెదడుకు పాకిన జబ్బు మీద కూడా అది బాగా పనిచేస్తుంది. శస్త్రచికిత్సతో గడ్డ తీసేసిన తర్వాత మూడేళ్ళు ఇచ్చిన అధ్యయనంలో అయిదేళ్ళకు 88 శాతం మంది బతికి ఉన్నారు, మందు ఇవ్వనివాళ్ళలో 78 శాతం. ఇంత మంచి మందు ధరే మనకు పెద్ద అడ్డు. 2024 జులై బడ్జెట్‌లో కేంద్ర ప్రభుత్వం కస్టమ్స్ సుంకం పూర్తిగా ఎత్తివేసిన మూడు క్యాన్సర్ మందుల్లో ఓసిమెర్టినిబ్ ఒకటి. అది సరిపోదు. రోగులకు కంపెనీ ఇచ్చే సహాయ పథకం గురించి, ఎన్టీఆర్ వైద్య సేవలో ఏ మందు, ఏ పరీక్ష వస్తాయన్న దాని గురించి ఆసుపత్రిలోని పథకం కౌంటరులో మొదటి రోజునే అడగాలి. టాటా మెమోరియల్ కేంద్రానికి చెందిన హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖ దగ్గర అగనంపూడిలో ఉంది. ముంబయి దాకా వెళ్ళలేని డెల్టా కుటుంబాలకు అది రైలులో ఒక పూట ప్రయాణం.

మాత్ర పనిచేస్తుండగా స్కాన్‌లో గడ్డ మళ్ళీ పెరిగినట్టు కనబడితే, చాలాచోట్ల మొదటి రిపోర్టు పట్టుకుని రెండో మాత్ర రాసేస్తున్నారు. గడ్డ అప్పటికి మారిపోయి ఉంటుంది. టీ790ఎమ్ వచ్చి ఉండవచ్చు, మెట్ అనే మరో జన్యువు ప్రతులు పెరిగి ఉండవచ్చు, కొద్దిమందిలో అడినోకార్సినోమాయే స్మాల్ సెల్ రకంగా మారిపోతుంది. మూడింటికీ చికిత్స వేరువేరు. టీ790ఎమ్‌ను రక్తపరీక్షతో పట్టుకోవచ్చు. స్మాల్ సెల్‌గా మారిందీ లేనిదీ తెలియాలంటే మళ్ళీ ముక్క తీయక తప్పదు. మళ్ళీ సూదా అని రోగి బాధపడితే, ఆ సూది ఎందుకో కూర్చోబెట్టి చెప్పి ఒప్పించడం ఇంట్లోవాళ్ళ పని. రెండో మందు చీటీ రాసేముందు ఆ పరీక్ష గురించి వైద్యుణ్ణి అడగడమూ మన పనే.